యజమాని కాని కర్త

నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు దయచేసి ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే మధ్యలో లేచి వెళ్ళడం బాగోదని మీ మొహమాటం. నాకేం అభ్యంతరం లేదు, వెళ్ళాలనిపిస్తే నిక్షేపంగా వెళ్ళండి. నిజానికి ఇవాళ్టి విషయం కూడా అదే. చెప్పేవాడి పని చెప్పడం వరకేనా, జనం చివరిదాకా కూర్చోవాలన్న ఆశ కూడా ఆ పనిలో భాగమా అన్నదే.

ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. నేను చాలా ఏళ్ళు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. ఒక ఏడాది పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. రెండు మార్కుల్లో పోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏం చెప్పాలో తోచక, మనలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. 'కర్మణ్యేవాధికారస్తే' అని అందుకున్నాను. వాడు శ్లోకం, తాత్పర్యం మొత్తం విన్నాడు. విని, "మాస్టారూ, ఇందాక ఫస్ట్ క్లాస్ వచ్చినవాడు మీకు దణ్ణం పెట్టి వెళ్ళాడు కదా, వాడికి ఈ శ్లోకం చెప్పలేదేం?" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. ఏం చెప్పను? వాడన్నది నిజం. ఓడిపోయినవాడికి తప్ప గెలిచినవాడికి ఆ శ్లోకం చెప్పాలని నాకు ఏనాడూ తోచలేదు. పెళ్ళి సంబంధం తప్పినా, ఉద్యోగం పోయినా, వ్యాపారం మునిగినా మన నోట వచ్చే మాట అదే. దెబ్బ తగిలాక రాసే మందులా వాడుతున్నాం. కానీ కృష్ణుడు ఆ మాట ఎప్పుడు చెప్పాడు? యుద్ధం అయ్యాక కాదు. ఒక్క బాణం కూడా వదలకముందు చెప్పాడు. అప్పటికి ఎవరూ ఓడలేదు, ఎవరూ గెలవలేదు. అంటే అది ఫలితం వచ్చాక చెప్పుకునే ఓదార్పు కాదు. పనికి ముందు చెయ్యి సరిచేసే మాట.

అసలు కర్మ అన్న పదానికే తెలుగులో ఇలాంటి గతి పట్టింది. 'కృ' అంటే చేయడం. కర్మ అంటే చేసే పని, అంతే. అది మన నోట పడి ఒక ఒత్తు తెచ్చుకుని 'ఖర్మ' అయింది. 'అంతా నా ఖర్మ' అన్నామంటే మనం చేస్తున్నదాని గురించి కాదు, మన నెత్తిన పడ్డదాని గురించి. చేతుల్లో ఉండాల్సిన మాట నుదుటి మీదికి ఎక్కింది. వేదాంతులు కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడుగా విడదీశారు. పొదిలో ఉన్న బాణాలు, వదిలేసిన బాణం, ఇప్పుడు వింటికి సంధిస్తున్న బాణం అని పోలిక. మూడింటిలో మన చేయి దాటిపోయింది ఒక్కటే. మనం మాత్రం మూడింటినీ వదిలేసిన బాణాల లెక్కలోనే వేసుకుని కూర్చుంటాం. ఎదుటివాడి కష్టం దగ్గరికి వచ్చేసరికి మరీ సులువు, 'వాడి ఖర్మ' అనేసి చేతులు దులుపుకుంటాం. ఈ వాడకానికీ గీతకూ ఏ సంబంధమూ లేదు. దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

ఇక యుద్ధభూమి దగ్గరికి వెళ్దాం. మొదటి అధ్యాయంలో అర్జునుడి శరీరాన్ని వ్యాసుడు ఒక వైద్యుడు చూసినట్టు చూస్తాడు. అవయవాలు పట్టు తప్పుతున్నాయి. నోరు ఎండిపోతోంది. ఒళ్ళు వణుకుతోంది, రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి. చర్మం మండుతోంది. 'గాండీవం స్రంసతే హస్తాత్'. గాండీవం చేతిలోంచి జారిపోతోంది. పడిపోయింది అనలేదు, గమనించండి. జారుతోంది. పట్టు ఒక్కో వేలూ వదులుతోందన్నమాట. ఎలాంటి చెయ్యి అది? ఆ చేతికి ఎన్నేళ్ళ అభ్యాసం ఉంది?

మరి ఆ సమయంలో అతని నోరు ఏం మాట్లాడుతోంది? అక్కణ్ణుంచి రెండో అధ్యాయం మొదటి శ్లోకాల దాకా చదవండి. విజయం వద్దంటాడు. రాజ్యం వద్దంటాడు. పాపం వస్తుందంటాడు. కులం నాశనమవుతుంది, పితృదేవతలకు పిండాలుండవు, నరకంలో ఉండాల్సి వస్తుంది అంటాడు. మేం గెలుస్తామో, వాళ్ళే మమ్మల్ని గెలుస్తారో అంటాడు. ప్రతి మాటా రేపటిదే, ఎల్లుండిదే. మనసంతా అటు వెళ్ళిపోయింది, ఇక్కడ విల్లు జారుతోంది. అతని భయాలు తప్పని నేననడం లేదు. యుద్ధం అయ్యాక కులనాశనం నిజంగానే అయింది కదా. నేను చెప్పేది ఆ చెయ్యి సంగతి.

ఇప్పుడు రెండో అధ్యాయం 47వ శ్లోకం.

కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన
మా కర్మఫలహేతుర్భూర్మా తే సంగోఽస్త్వకర్మణి

దీనికి నాలుగు పాదాలున్నాయి. మనం రెండే వాడతాం. పని మీదే నీకు అధికారం, ఫలాల మీద ఎప్పుడూ లేదు. అక్కడ ఆపేస్తాం. మూడోది, కర్మఫలానికి నువ్వు హేతువు కావద్దు. నాలుగోది, పని మానేయడం మీద కూడా నీకు మమకారం వద్దు. ఈ నాలుగో పాదం ఎందుకు పెట్టాడంటే, కృష్ణుడికి మన సంగతి తెలుసు. ఫలం నీది కాదు అనగానే మనకు వచ్చే మొదటి ఆలోచన, అయితే చేయడం ఎందుకు అని. ఆ తలుపు ముందే మూసేశాడు. ఇంకో విషయం. 'నిష్కామ కర్మ' అని మనం రోజూ వాడే మాట గీతలో ఎక్కడా కనబడదు. సంగం, అంటే తగులం, వదిలి, ఫలం వదిలి, అసక్తుడై, అంటే తగులుకోకుండా, అని ఉంటుంది. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, కోరికే లేని మనిషిలా పనిచేయమనడం వేరు, పట్టు లేకుండా పనిచేయమనడం వేరు.

ఫలం గురించి ఆలోచించొద్దు అన్నాడు కాబట్టి ఏం జరిగితే మనకేం అనుకునేవాళ్ళున్నారు. మందిచ్చిన వైద్యుడు రోగికి నయమైందో లేదో చూడనక్కర్లేదా? వంతెన కట్టినవాడు అది నిలుస్తుందో లేదో చూసుకోనక్కర్లేదా? దీనికి గీతే సూటిగా జవాబు చెప్పింది, 18వ అధ్యాయం 25వ శ్లోకంలో. 'అనుబంధం క్షయం హింసామనవేక్ష్య చ పౌరుషం' అని. దాని వెనక ఏం జరుగుతుంది, ఎంత నష్టం, ఎవరికి హాని, నాకు ఆ శక్తి ఉందా అని చూసుకోకుండా మోహం కొద్దీ మొదలుపెట్టే పని తామసం. తామసం అంటే అట్టడుగు రకం. ఫలత్యాగం గురించి ఇంత చెప్పిన కృష్ణుడే, పర్యవసానం చూసుకోకుండా దిగే పనిని ఆ అడుగున పడేశాడు.

అంటే ఫలం వేరు, అనుబంధం వేరు. ఇక్కడ అనుబంధం అంటే పని వెనక వచ్చే పర్యవసానం. వంతెన నిలవడం అనుబంధం. దాని మీద నా పేరు చెక్కాలనుకోవడం ఫలం. రోగి లేచి నడవడం పనిలో భాగం, వైద్యుడు కన్నార్పకుండా చూసుకోవాల్సింది. ఆ రోగి నలుగురికీ నా గొప్ప చెప్పాలనుకోవడం ఫలం. ఫలం అన్న మాటలో 'నాకు' అనేది ఎప్పుడూ దాగి ఉంటుంది. ఇది నా సొంత తెలివేం కాదు, ఆ శ్లోకంలోని 'అధికారం' అన్న మాటే చెబుతుంది. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, కాస్త శాస్త్రంలోకి వెళ్ళాలి.

తెలుగులో అధికారం అంటే మనకు పెత్తనం గుర్తొస్తుంది, అధికారులు గుర్తొస్తారు. పూర్వమీమాంసలో, అంటే వేదంలోని యజ్ఞవిధులను విచారించే శాస్త్రంలో, ఆ మాటకు వేరే పని ఉంది. ఆ శాస్త్రానికి మూలమైన జైమిని సూత్రాలు 12 అధ్యాయాలు. అందులో ఆరో అధ్యాయం మొత్తం అధికారం గురించే. యజ్ఞం ఎవరు చేయాలి అన్న ప్రశ్న. 'స్వర్గకామో యజేత', స్వర్గం కోరేవాడు యజ్ఞం చేయాలి అని వేదం. కాబట్టి ఫలం కోరేవాడే అధికారి. మీమాంసకులు అధికారవిధికి చెప్పే లక్షణమే ఇది: కర్మ వల్ల పుట్టే ఫలానికి స్వామి ఎవరో తెలిపేది. అంటే మీమాంసలో అధికారం అన్నమాటే ఫలం మీద యాజమాన్యం. ఆ సంప్రదాయం తెలిసినవాడి చెవిలో కృష్ణుడి శ్లోకం ఎలా పడి ఉంటుందో ఊహించండి. కర్మలోనే నీకు అధికారం, ఫలాల్లో లేదు! అధికారం అంటేనే ఫలం మీద హక్కు అనుకునేవాడికి ఇది తలకిందులు మాట. ఊరికే అన్న మాట కాదు. ఇంకో నాలుగైదు శ్లోకాల ముందే, స్వర్గమే పరమార్థమని వేదంలోని పూలమాటలు పట్టుకుని ఊగేవాళ్ళను కృష్ణుడు గట్టిగా దెబ్బవేశాడు, 'యామిమాం పుష్పితాం వాచం' అంటూ.

ఇప్పుడు యజ్ఞశాలలోకి ఒక్కసారి తొంగిచూడండి. సోమయాగంలో ఋత్విక్కులు, అంటే యజ్ఞం జరిపించే పురోహితులు, 16 మంది. హోత, అధ్వర్యువు, ఉద్గాత, బ్రహ్మ, ఒక్కొక్కరి కింద ముగ్గురు. మంత్రాలు చెప్పేది వాళ్ళు, పాడేది వాళ్ళు, పొగలో కూర్చుని ఆహుతులు వేసేది వాళ్ళు. పక్కన కూర్చున్నవాడు యజమానుడు, యజ్ఞం చేయించుకునేవాడు. మన తెలుగు 'యజమాని' అక్కణ్ణుంచి వచ్చిందే. చేతులు కాల్చుకునేది ఎక్కువగా ఋత్విక్కులు, స్వర్గం మాత్రం యజమానుడిది. ఇందులో అన్యాయం ఏమీ లేదు, వాళ్ళకు దక్షిణ ఉంది. దక్షిణ అంటే వాళ్ళ శ్రమను యజమానుడు కొనుక్కోవడమని మీమాంసకులు దాపరికం లేకుండా చెప్పారు. పరిక్రయం అంటారు. కూలి వేరు, ఫలం వేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

హోత చదివే మంత్రం 'వౌషట్' అని ముగుస్తుంది. ఆ మాటతో పాటు అధ్వర్యువు మోదుగ చెక్కతో చేసిన జుహువు అనే గరిటెలోంచి ఆజ్యాన్ని అగ్నిలోకి వదులుతాడు. నెయ్యి మంట మీద పడి చుయ్యిమంటుంది. అప్పుడు యజమానుడు ఒక మాట అనాలి. 'అగ్నయ ఇదం, న మమ.' ఇది అగ్నిది, నాది కాదు. ద్రవ్యం, దేవత, త్యాగం, ఈ మూడూ కలిస్తేనే యాగం. ఆ 'న మమ' లేకపోతే అది నెయ్యి కాల్చడమే.

నాకు ఇక్కడ ఎప్పుడూ ఒక తమాషా కనిపిస్తుంది. గరిటెడు నెయ్యి నాది కాదంటున్న యజమానుడే, దానివల్ల వచ్చే స్వర్గం మాత్రం నాదే అనుకుంటున్నాడు. చేతిలోది వదిలాడు, రాబోయేదాన్ని పట్టుకున్నాడు. గీత చేసిందల్లా, ఆ 'న మమ' ను ఇంకొంచెం ముందుకు జరపడం. నెయ్యి దాకా వచ్చినవాడివి ఫలం దాకా రా అనడం. మరోలా చెప్పాలంటే, నీ జీవితంలో నువ్వు చేసే పనికి నువ్వు ఋత్విక్కువి, యజమానుడివి కాదు. స్వరం తప్పకుండా మంత్రం చెప్పు, చెయ్యి వణక్కుండా ఆహుతి వెయ్యి. స్వర్గం ఎవరి ఖాతాలో పడుతుందో నీ పని కాదు.

'కృపణాః ఫలహేతవః' అని రెండో అధ్యాయం 49వ శ్లోకంలో కృష్ణుడు అంటాడు. ఫలం కోసం చేసేవాళ్ళు కృపణులు. సంస్కృతంలో దీనులు అని అర్థం చెబుతారు. తెలుగులో కృపణుడంటే పిసినారి. నాకు మన అర్థమే ఎక్కువ నచ్చుతుంది. పిసినారి ఇంట్లో అన్నీ ఉంటాయి, చేయి మాత్రం విప్పలేడు.

సరే, ఇదంతా వినడానికి బాగానే ఉంది. ఏ ఆశా లేకుండా మనిషి పని చేస్తాడా? ఈ సందేహం మనకే కాదు, మన పెద్దలకూ వచ్చింది. మనుస్మృతి రెండో అధ్యాయం మొదట్లోనే ఉంది. కోరికతో నిండిపోవడం మంచిది కాదు, అలాగని కోరిక లేకపోవడం అన్నది ఈ లోకంలో లేనే లేదు అని. కోరిక లేనివాడు ఒక్క పని చేయడం కూడా ఎక్కడా కనబడదని ఇంకో శ్లోకం. మీమాంసకుడు కుమారిల భట్టు ఇంకా నిక్కచ్చి. 'ప్రయోజనమనుద్దిశ్య న మందోఽపి ప్రవర్తతే' అన్నాడు. ప్రయోజనం చూసుకోకుండా మందమతి కూడా కదలడు. దీన్ని తోసిపుచ్చడం తేలిక కాదు. మోక్షం కోసం ఫలాలు వదులుతున్నాను అంటే, మోక్షం ఫలం కాదా అని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఈ హాల్లో ఉన్నారు. వెనక వరసలో ఒకాయన నవ్వుతున్నారు, ఆయనదీ అదే ప్రశ్న అనుకుంటాను.

శంకరుల భాష్యంలో నాకు చాలా ఇష్టమైన చోటు ఒకటుంది. 48వ శ్లోకం, 'యోగస్థః కురు కర్మాణి సంగం త్యక్త్వా'. సంగం వదిలి పని చెయ్యి. సంగం అంటే ఏమిటి? శంకరులు అంటారు: పని ఈశ్వరుడి కోసమే చెయ్యి, అందులో కూడా 'ఈశ్వరుడు నా మీద సంతోషించాలి' అన్న సంగం వదిలిపెట్టి చెయ్యి. చూశారా ఎంత సన్నటి చోట వేలు పెట్టారో! భక్తుణ్ణి నేను, నాకేమీ వద్దు, ఆయన మెచ్చుకుంటే చాలు అంటాం. ఆ మెచ్చుకోలు కూడా లెక్కలోకే వస్తుందట. రామానుజులు దీన్ని మూడు ముక్కలు చేసి చూపిస్తారు. ఫలం నాది కాదు, ఈ పని నాది కాదు, చేసేవాణ్ణి నేను కాదు. మొదటిది వదలడమే కష్టం అనుకుంటే, మూడోదాని సంగతి ఇక చెప్పక్కర్లేదు. కర్మ మనసును శుద్ధి చేసే మెట్టు వరకేనని శంకరులూ, జ్ఞాని కూడా చివరిదాకా పని చేయాల్సిందేనని మాండలే జైల్లో కూర్చుని రాసిన తిలక్ గారూ వాదించుకున్న కథ వేరే ఉంది. అది మొదలుపెడితే ఈ రాత్రి ఇక్కడే.

నా మట్టుకు నేను కుమారిలుడితో పేచీ పెట్టుకోను. ప్రయోజనం లేకుండా ఎవడూ కదలడు, ఒప్పుకుంటాను. కానీ ప్రయోజనం పనికి ఉండొచ్చు, నాకే ఉండాలని ఏముంది? పసిపిల్లకు జ్వరం వచ్చి రాత్రంతా తడిబట్ట మార్చే తల్లిని అడగండి నీకేంటి ప్రయోజనం అని. ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కాదు. జ్వరం తగ్గాలి. అదే ప్రయోజనం. అందులో ఆమె వాటా ఏదీ లేదు. ఆ రాత్రి ఆ చేతులు మన ఏ ఆఫీసు పనిలోనూ కదలనంత శ్రద్ధగా కదులుతాయి.

ఆశ లేకపోతే ఊపు పోతుందని భయపడేవాళ్ళకు గీతలో రెండు చోట్లు చూపిస్తాను. 'సక్తాః కర్మణ్యవిద్వాంసో' అని మూడో అధ్యాయంలో ఉంది. ఆశతో ఊగిపోయేవాడు ఎలా పని చేస్తాడో, తెలిసినవాడు ఆశ లేకుండా సరిగ్గా అలాగే చేయాలి. పక్కన నిలబడి చూస్తే ఇద్దరికీ తేడా తెలియకూడదు. కొలత ఎవరితో పెట్టాడో చూడండి, ఆశపోతుతో! ఇంకోటి 18వ అధ్యాయంలో సాత్త్విక కర్త లక్షణం. సంగం లేనివాడు, నేను నేను అనని వాడు, ఆ వెంటనే 'ధృత్యుత్సాహసమన్వితః'. ధైర్యం, ఉత్సాహం ఉన్నవాడు. ఉత్సాహం! మనం వైరాగ్యం అనగానే ముఖం వేలాడేసుకుంటాం. ముఖం వేలాడేసేవాడిని, రేపు చేద్దాంలే అని సాగదీసేవాడిని గీత వేరే చోట పెట్టింది. 'విషాదీ దీర్ఘసూత్రీ చ', తామస కర్త. వైరాగ్యం పేరుతో పని వాయిదా వేసేవాళ్ళు ఒకసారి అది చదువుకోవాలి. అందులో నేనూ ఉన్నాను, ఈ ఉపన్యాసం తయారు చేసుకోవడం నిన్న రాత్రి దాకా మొదలుపెట్టలేదు.

ఇంకో ఇబ్బంది ఉంది, దాచిపెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఫలం వద్దన్న కృష్ణుడే పది శ్లోకాల ముందు ఏమన్నాడు? 'హతో వా ప్రాప్స్యసి స్వర్గం జిత్వా వా భోక్ష్యసే మహీం.' చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం. ఇది ఫలం చూపించడం కాదా? అవును, ఫలమే. నలుగురూ నవ్వుతారని కూడా బెదిరించాడు. శంకరులు కూడా ఆ శ్లోకాలను లౌకిక న్యాయం అన్నారు, అసలు తాత్పర్యం అక్కడ లేదన్నారు. నాకేమనిపిస్తుందంటే, కృష్ణుడు ముందు అర్జునుడికి తెలిసిన భాషలో ప్రయత్నించాడు. పరువు, స్వర్గం, రాజ్యం. అవేవీ పని చేయలేదు. అర్జునుడు వాటినే కదా కాదని కూలబడింది! అప్పుడు 39వ శ్లోకంలో దారి మార్చి, ఇప్పుడు యోగబుద్ధి చెబుతాను విను అన్నాడు. మన శ్లోకం ఆ మలుపు తర్వాత వస్తుంది. గురువుకు కూడా మొదటి మాట తగల్లేదన్నమాట.

ఫలం మనది కాదనడానికి గీత ఒక లెక్క కూడా చెప్పింది. 18వ అధ్యాయంలో, ఏ పనికైనా కారణాలు ఐదు. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. ఇప్పుడు ఈ ఉపన్యాసమే తీసుకోండి. నిలబడ్డ ఈ శరీరం అధిష్ఠానం. కర్త నేను. కరణాలంటే నాలుక, గొంతు, ఈ మైకు. చేష్టలంటే లోపలి ఊపిరి కదలికలు, చేతులు ఊపడాలు. ఇక దైవం... ఇందాక నేను మొదలుపెట్టకముందు ఈ మైకు మూడు నిమిషాలు గుర్రుమంది గుర్తుందా? ఆ కుర్రాడు వచ్చి వైరు కదిపాడు, సరిపోయింది. ఎందుకు గుర్రుమందో వాడికీ తెలియదు, ఎందుకు ఆగిందో అంతకంటే తెలియదు. ఐదుగురు కలిసి చేసిన పనికి ఒక్కడు వచ్చి మొత్తం నాది అని రాయించుకుంటే దాన్ని మనం లోకంలో ఏమంటాం? అలా కేవలం తననే కర్తగా చూసుకునేవాణ్ణి కృష్ణుడు దుర్మతి అన్నాడు. కాస్త కటువుగానే అన్నాడు. చప్పట్లకే కాదు, నిందకూ ఇదే లెక్క. ఆ రెండు మార్కుల కుర్రాడికి నేను చెప్పాల్సింది ఈ శ్లోకం. ఫస్ట్ క్లాసు వాడికీ ఇదే.

కూలి సంగతి మళ్ళీ చెబుతానన్నాను కదా. నేను కొన్నాళ్ళు పనిచేసిన ఒకచోట మూడు నెలలు జీతాలు ఇవ్వలేదు. అడగడానికి వెళ్తే యాజమాన్యంలో ఒక పెద్దమనిషి కళ్ళు సగం మూసి, కర్మణ్యేవాధికారస్తే అన్నాడు. జీతం అడిగితే గీత చెప్పాడు. అప్పుడు నాకు కోపమే తప్ప జవాబు రాలేదు. ఇప్పుడైతే చెప్పేవాణ్ణి. అయ్యా, యాగఫలం తనదే అనుకున్న యజమానుడు కూడా ఋత్విక్కుకు దక్షిణ ఎగ్గొట్టలేదు, దక్షిణ ఇవ్వని యజ్ఞాన్ని గీత తామసం అంది, 17వ అధ్యాయంలో ఉంది చూసుకోండి అని. ఫలత్యాగం ఎవరికి వాళ్ళు చెప్పుకోవాల్సిన మాట. పక్కవాడి చేత చేయించేది ఫలత్యాగం కాదు.

చివరిగా ఒక స్త్రీ మాట. ఈ విషయాన్ని గీత కంటే ముందే, భారతంలోనే, ద్రౌపది చెప్పింది. వనపర్వం. ద్వైతవనంలో ఉన్నారు. రాజ్యం పోయింది, సభలో అవమానం జరిగింది, ధర్మరాజు మాత్రం ఓర్పు, ఓర్పు అంటున్నాడు. పైగా 'నాహం ధర్మఫలాన్వేషీ', నేను ధర్మానికి ఫలం వెతికేవాణ్ణి కాదు, ఇవ్వాలి కాబట్టి ఇస్తాను, యజ్ఞం చేయాలి కాబట్టి చేస్తాను అంటాడు. ధర్మంతో బేరమాడేవాడు అధముడంటాడు. నిజంగా గొప్ప మాట. కానీ ద్రౌపదికి మండిపోయింది. ఫలం వెతకను అంటూ నువ్వు ఊరికే కూర్చున్నావు కదా అని ఆమె బాధ. అప్పుడామె ఒక రైతును చూపిస్తుంది. నాగలితో నేల చీల్చి విత్తనాలు చల్లుతాడు. ఆ తర్వాత మౌనంగా కూర్చుంటాడు, ఇక కారణం వాన. వాన కరుణించకపోతే ఆ రైతు తప్పేమీ లేదు. ఇంకో మనిషి చేయగలిగిందంతా నేనూ చేశాను అనుకుంటాడు, తనను తాను నిందించుకోడు.

ఆ మౌనం చూడండి. ధర్మరాజుదీ మౌనమే, రైతుదీ మౌనమే. రైతు కూర్చున్నది దున్నిన తర్వాత. ఇదంతా తనకెలా తెలుసో కూడా ఆమె చెబుతుంది. చిన్నప్పుడు మా నాన్న ఇంట్లో ఒక పండితుడు బృహస్పతి నీతి చెబుతుంటే, నాన్న ఒడిలో కూర్చుని విన్నాను అంటుంది.

టైమైపోయిందని చీటీ వచ్చింది. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ఆశ్వమేధిక పర్వంలో, యుద్ధం అంతా అయిపోయాక, కృష్ణుడు ద్వారకకు బయల్దేరబోతుంటే అర్జునుడు అడుగుతాడు. కేశవా, అప్పుడు యుద్ధం ముందు నువ్వు చెప్పిందంతా నేను మర్చిపోయాను, మళ్ళీ చెప్తావా అని. 18 అధ్యాయాలు, విశ్వరూపం, అన్నీ! మీరు ఇంటికి చేరేలోపు నా మాటలు మర్చిపోతారని నాకు బెంగ లేకపోవడానికి కారణం ఇదే. కృష్ణుడికి మాత్రం బాధ కలిగింది. నీకు శ్రద్ధ లేదు, బుద్ధి చాలదు అని మందలించాడు. అప్పుడు యోగంలో ఉండి చెప్పాను, అదంతా అలాగే మళ్ళీ చెప్పడం నా వల్ల కూడా కాదన్నాడు. ఆ తర్వాత, సరే, ఆ విషయం మీదే ఒక పాత కథ ఉంది, విను అని మొదలుపెట్టాడు.